ఆషాఢంలో తలుపులు

బాచుపల్లిలో కొత్త అపార్ట్‌మెంట్, ఐదో అంతస్తు. మెట్లెక్కుతుండగానే థిన్నర్ వాసన ఎదురొస్తుంది. హాల్లో అడుగు పెడితే కంప్రెసర్ మోతకు మాట వినపడదు. శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం కుదిరింది కాబట్టి, గాలంతా చెమ్మగా ఉండే ఆషాఢంలోనే తలుపులకు రంగు పడాలి. బయట మియాపూర్ రోడ్డు మీద ముసురు.

పడకగదుల తలుపులన్నీ బందులు ఊడదీసి స్టూళ్ల మీద పడుకోబెట్టారు. దుమ్ము లేవకుండా నేల తడిపారు. లప్పం పెట్టి, 320 నంబరు గరుకు కాగితంతో రుద్దిన చెక్కను అరచేత్తో తడమండి. కంటికి ఆనని గీత వేలికి తగులుతుంది. ఇప్పుడు వదిలేస్తే నిగనిగలాడే రంగు మీద ముందుగా కనిపించేది అదే.

సాయంగా ఉన్న పిల్లవాడు స్ప్రే గన్ అందుకోబోతాడు. "జర ఆగు తమ్మీ, టాంకీల నీళ్లున్నయ్" అంటూ మేస్త్రీ కంప్రెసర్ అడుగున మర తిప్పుతాడు. తుప్పురంగు నీళ్లు చిమ్ముతాయి. నొక్కినప్పుడు వేడెక్కిన గాలి టాంకీలో చల్లారితే అందులోని ఆవిరి నీరవుతుంది. ఆ చుక్క పీయూ (పాలీయురేథేన్) రంగులో పడితే హార్డెనర్‌తో కలిసి వాయువు పుట్టి బుడగలు లేస్తాయి.

రంగును గుడ్డలో వడగట్టి, ముందు అట్టముక్క మీద కొట్టి చూస్తాడు. ఈ గన్ పూర్వీకుడు అమెరికాలో డెవిల్‌బిస్ అనే వైద్యుడు 1880లలో గొంతులోకి మందు చిమ్మడానికి చేసిన చిన్న పరికరం. దాన్ని రంగుకు మళ్లించింది ఆయన కొడుకు.

మొదట అంచులు, తర్వాత ముఖం. చెక్కకు ఆరేడు అంగుళాల ఎడం. చూడండి, మణికట్టు వంగదు, మనిషే పక్కకు నడుస్తాడు. చెయ్యి విసిరితే మధ్యలో మందంగా, కొసల్లో పలచగా పడుతుంది. గన్ తలుపు దాటాకే మీట వదులుతాడు. ప్రతి పట్టీ ముందుదాన్ని సగం కప్పుతుంది. మరీ దగ్గరైతే రంగు కారుతుంది, దూరమైతే గరుకుగా నారింజ తొక్కలా తేలుతుంది.

కింది అంచునూ వదలడు. నాకు ఈ మేస్త్రీ మీద గౌరవం కలిగింది ఇక్కడే. ఎవరూ వంగి చూడని ఆ చోట చెక్కను పచ్చిగా వదిలేసే ఇళ్లు చాలా ఉన్నాయి. వానలకు అక్కడే నీరు తాగి, బాత్రూమ్ తలుపు ఉబ్బి నేలకు పట్టేస్తుంది.

పిల్లవాడి ముఖానికి మాత్రం జేబురుమాలే ఉంది. హార్డెనర్‌లోని ఐసోసయనేట్‌ను గుడ్డ ఆపదు. రోజూ పీలిస్తే ఉబ్బసం రావచ్చు. తలుపు పిడికి వేలు పోసే మనం కార్ట్రిడ్జ్ మాస్కు దగ్గర బేరమాడకూడదు. అది లేకుండా ఆ పిల్లవాణ్ణి గదిలోకి రానివ్వకూడదు, పని ఒకరోజు ఆగినా సరే.

మొదటి కోటు పూర్తయింది. బాగా ఆరాక 400 కాగితంతో తేలిగ్గా రుద్ది, తుడిచి రెండోది కొడతారు. గన్‌ను మాత్రం ఇప్పుడే థిన్నర్‌తో కడగాలి. హార్డెనర్ కలిసిన రంగు లోపల గట్టిపడితే ఆ గన్ మళ్లీ పనికిరాదు.