నడిబజారుకు పైకప్పు వేసిన కాలం

అమెరికాలో మినియాపొలిస్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఇడైనా శివారులో 1956 అక్టోబరు 8న సౌత్‌డేల్ సెంటర్ తెరుచుకుంది. చుట్టూ గోడలు, పైన కప్పు, లోపల ఏడాది పొడవునా ఒకే వాతావరణం ఉండేలా కట్టిన తొలి శివారు మాల్ అదే. మిన్నెసోటా చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పడిపోవడం మామూలే, వేసవిలో ఉక్కపోత. బయట హాయిగా తిరుగుతూ సరుకులు కొనుక్కోగల రోజులు ఏడాదికి 126 మించవని లెక్కగట్టి, మిగతా రోజుల కోసం కట్టిన భవనమిది. 72 దుకాణాలు, 5,200 కార్లకు చోటు, 2 కోట్ల డాలర్ల ఖర్చు. నట్టనడుమ నిత్య వసంతపు తోట అని పేరు పెట్టిన చావడి ఒకటి. అందులో పూలమొక్కలు, మనిషి ఎత్తుకు మూడింతలున్న పంజరంలో పక్షులు, శిల్పి హ్యారీ బెర్టోయా చేసిన బంగారు రంగు లోహపు చెట్లు. బయట మంచు కురుస్తున్నా లోపల జనం కోట్లు విప్పి చేతిమీద వేసుకుని కాఫీ తాగుతూ కూర్చునేవారు.

తెలుగునాట షాపింగ్ మాల్ అంటే చాలా ఊళ్లలో నాలుగైదు అంతస్తుల బట్టల కొట్టు. అమెరికా మాల్ వేరే జాతి. ఒక కంపెనీ స్థలంలో రెండు చివరలా రెండు పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు, వాటిని కలుపుతూ నడవ, నడవకు అటూ ఇటూ చిన్న దుకాణాలు, వీటన్నిటి చుట్టూ కార్లు నిలిపే మైదానం. కారు లేకపోతే అక్కడికి చేరడమే కష్టం. చేరాక మాత్రం అంతా నడకే.

ఈ రూపాన్ని గీసిన విక్టర్ గ్రూయెన్‌కు కార్లంటే పడదు. ఆయన 1903లో వియన్నాలో పుట్టిన యూదు వాస్తుశిల్పి. 1938లో ఆస్ట్రియా నాజీల చేతికి చిక్కాక న్యూయార్క్ చేరారు. అప్పటికి ఆయన దగ్గరున్నవి ఒక వాస్తుశిల్ప పట్టా, 8 డాలర్లేనని చెబుతారు. వియన్నాలో మనుషులు వీధిలో నడుస్తారు, కాఫీ హోటల్లో గంటలకొద్దీ కూర్చుంటారు, ఎదురుపడితే ఆగి మాట్లాడుకుంటారు. అమెరికా శివార్లలో ఆయనకు కనిపించినవి విడివిడి ఇళ్లు, రోడ్డు పొడవునా పెద్ద పెద్ద బోర్డులు. ఆ శివార్లకు ఒక నడిబజారు ఇవ్వాలన్నది ఆయన తపన. డెట్రాయిట్ పక్కన సౌత్‌ఫీల్డ్‌లో హడ్సన్స్ స్టోర్ కోసం ఆయన గీసిన నార్త్‌లాండ్ సెంటర్ 1954లో వచ్చింది. అది పైకప్పు లేని బజారు. రెండేళ్లకు డేటన్స్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ కంపెనీ కోసం గీసిన సౌత్‌డేల్‌లో ఆ బజారుకు కప్పు పడింది.

గ్రూయెన్ పటంలో సౌత్‌డేల్ ఒక్క భవనం కాదు. డేటన్స్ కొన్న 463 ఎకరాల్లో ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, బడి, వైద్యశాల, పార్కు, చెరువు కూడా ఉన్నాయి. మాల్ వాటికి కేంద్రం మాత్రమే. మాల్ రాగానే చుట్టుపక్కల భూమి ధర పెరిగింది. ధర పెరిగిన భూమి ముక్కలై ఎవరికి వారుగా అమ్ముడుపోయింది. తర్వాత అక్కడ ఆసుపత్రి లాంటివి కొన్ని వచ్చినా, అవి ఒక ఊరిలా అల్లుకోలేదు. ప్రారంభమైన కొత్తలోనే చూడడానికి వచ్చిన వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, పల్లె వీధిలోని చెడంతా ఇక్కడుందిగానీ దాని అందం ఒక్కటే లేదని ఆ తోటను ఎగతాళి చేశారు. ఆ మాటలో వృత్తి అసూయ కొంత ఉండవచ్చు, కానీ పూర్తిగా అన్యాయమూ కాదు.

జనం ఎగబడ్డారు కాబట్టే మాల్స్ పెరిగాయనుకుంటే కథలో సగమే తెలిసినట్టు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైనికులకు దొరికిన గృహరుణాలు, ప్రభుత్వం హామీ ఉన్న బ్యాంకు అప్పులు తెల్లజాతి కుటుంబాలను శివార్లకు తీసుకెళ్లాయి. నల్లవారి పేటల్లో ఇళ్లకు ఆ హామీ నిరాకరించారు. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన రహదారుల చట్టం 41,000 మైళ్ల రోడ్లకు తలుపు తీసింది. ఖర్చులో 90 శాతం కేంద్రానిదే. వీటికన్నా తక్కువ మందికి తెలిసినది 1954 నాటి పన్ను సవరణ. అంతకుముందు ఒక వాణిజ్య భవనం విలువలో తరుగుదలను దాదాపు 40 ఏళ్ల మీద సమానంగా పరిచి చూపాల్సి ఉండేది. కొత్త నియమంతో ఎక్కువ భాగాన్ని మొదటి ఏళ్లలోనే రాసుకోవచ్చు. నిజానికి లాభంలో ఉన్న మాల్‌ను కాగితాల మీద నష్టంలో చూపి పన్ను మిగుల్చుకోవచ్చు, కొన్నేళ్లయ్యాక దాన్ని అమ్మి ఇంకొకటి మొదలుపెట్టవచ్చు. ఉన్నదాన్ని బాగుచేసుకోవడం కన్నా పొలంలో కొత్తది కట్టడమే లాభసాటి అయింది. 1986 పన్ను సంస్కరణతో ఈ సదుపాయం తగ్గిపోయింది. అప్పటికే అమెరికాలో మాల్స్ వెయ్యి దాటాయి. తలసరి దుకాణాల విస్తీర్ణంలో కెనడా, ఆస్ట్రేలియా కూడా ఆ దేశానికి చాలా వెనకే ఉన్నాయి.

మాల్ లోపలి లెక్క కూడా విచిత్రమైనదే. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌ను యాంకర్ అంటారు. జనాన్ని రప్పించేది అదే కాబట్టి దానికి అద్దె నామమాత్రం. చాలాచోట్ల తన భవనం, దాని కింది నేల దాని సొంతం. మాల్ యజమాని బతికేది నడవలోని చెప్పుల కొట్టు, నగల కొట్టు, క్యాసెట్ల కొట్టు ఇచ్చే అద్దెతో. ఆ చిన్న కొట్లవాళ్లు ఒప్పందంలో ఒక షరతు రాయించుకునేవారు: యాంకర్ మూతపడితే అద్దె తగ్గించాలి, లేదా ఖాళీ చేసి వెళ్లనివ్వాలి. మంచి రోజుల్లో ఆ షరతును పట్టించుకున్నవారు లేరు.

బజారులా కనిపించినా అది బజారు కాదు, ప్రైవేటు స్థలం. పోర్ట్‌లాండ్‌లోని లాయిడ్ సెంటర్ మాల్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవారిని ఆపడం యజమాని హక్కేనని 1972లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరు రావాలన్నది కూడా చాలాచోట్ల యజమాని చేతిలోనే ఉండేది. 1995 డిసెంబరులో బఫెలో నగరం నుంచి ఒక నల్లజాతి యువతి శివారు మాల్‌లో పనికి వెళ్తోంది. ఆమె ఎక్కిన సిటీ బస్సుకు మాల్ ఆవరణలో ఆగే వీలు లేదు. ఏడు వరసల రోడ్డు అవతల దిగి, మంచు గుట్టల మధ్య దాటుతూ లారీ కింద పడి చనిపోయింది. ఆమె వయసు 17. వేరే ప్రాంతాల నుంచి వచ్చే బస్సులు అదే ఆవరణలోకి వచ్చేవని తర్వాత కోర్టు కేసులో బయటికొచ్చింది.

పతనానికి అందరూ ఇంటర్నెట్‌నే తప్పుపడతారు. అసలు విత్తు అంతకు చాలా ముందే పడింది, అదీ సౌత్‌డేల్ కట్టిన చేతులతోనే. డేటన్స్ కంపెనీ 1962లో మినియాపొలిస్‌కు జంటనగరమైన సెయింట్ పాల్ పక్కన, రోజ్‌విల్‌లో చవక ధరల దుకాణం ఒకటి తెరిచింది. దాని పేరు టార్గెట్. అదే ఏడాది మిషిగన్‌లో కేమార్ట్, ఆర్కన్సాలో వాల్‌మార్ట్ తొలి దుకాణాలు తెరుచుకున్నాయి. ఇవి మాల్ నడవల్లోకి రాలేదు. తమ సొంత పార్కింగ్ మైదానంలో విడిగా నిలబడ్డాయి. కారు దిగి, కావలసినది తీసుకుని, పది నిమిషాల్లో వెళ్లిపోవచ్చు. ధర తక్కువ, సోకు తక్కువ. 1980ల నుంచి మధ్యతరగతి కొనుగోళ్లు అటు మళ్లుతూ వచ్చాయి. డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఒకదాన్నొకటి మింగుతూ బతికాయి. సౌత్‌డేల్‌లోని డేటన్స్ బోర్డు 2001లో మార్షల్ ఫీల్డ్స్ అయింది, 2006లో మేసీస్ అయింది. ఒకే కంపెనీకి ఒకే ఊళ్లో రెండు యాంకర్లు మిగిలినచోట ఒకటి మూయక తప్పదు. ఈ మధ్యలో సియర్స్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ కంపెనీ చేసిన పని వ్యాపార చరిత్రలో చెప్పుకోదగ్గది. వందేళ్లుగా ఇంటింటికీ పోస్టులో సరుకు పంపిన ఆ కంపెనీ తన పెద్ద కేటలాగ్‌ను 1993లో ఆపేసింది. మరుసటి ఏడాదే అమెజాన్ పుట్టింది.

జనం తగ్గుతున్న ఊళ్లలో ముందు దెబ్బ తగిలింది. టైర్ల పరిశ్రమకు పేరుపడిన ఏక్రన్ జనాభా 1960లో 2,90,000. 2010 నాటికి 2 లక్షల లోపే. అలాంటి ఊళ్లో 1975లో రోలింగ్ ఏకర్స్ మాల్ తెరిచారు. 2008లో మూతపడ్డాక దాని అద్దాల పైకప్పు పగిలి, ఆగిపోయిన ఎస్కలేటర్ మెట్ల మీద మంచు పేరుకుంది. ఒకప్పుడు చలిని బయట ఆపడం కోసం పుట్టిన కట్టడంలోకే చలి వచ్చి కూర్చుంది. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. చికాగో దగ్గర హార్వీలోని డిక్సీ స్క్వేర్ ఇంకా ముందే పోయింది. 1966లో తెరిచి 1978కల్లా మూసేసిన ఆ మాల్‌లోనే ద బ్లూస్ బ్రదర్స్ సినిమాలోని కార్ల వేట తీశారు. ఖాళీ కొట్లలో మళ్లీ సరుకు సర్ది, దాన్ని కార్లతో తుక్కుతుక్కు చేశారు. తర్వాత మూడు దశాబ్దాలు అది అలాగే పాడుపడి ఉంది. 2012లో కూల్చారు.

2008 మాంద్యం తర్వాత పాత షరతులు నిద్ర లేచాయి. యాంకర్ మూతపడగానే చిన్న కొట్లు అద్దె తగ్గించమన్నాయి, కొన్ని వెళ్లిపోయాయి. అద్దె తగ్గితే అప్పు వాయిదా ఆగింది, వాయిదా ఆగితే దీపాలు తగ్గాయి, దీపాలు తగ్గితే జనం రాలేదు. దేశంలో రెండో పెద్ద మాల్ యజమాని జనరల్ గ్రోత్ 2009లో దివాలా రక్షణ కోరింది. 2018 అక్టోబరులో సియర్స్, 2020 మేలో మరో డిపార్ట్‌మెంట్ స్టోర్ కంపెనీ జేసీ పెన్నీ దివాలా కోర్టుకెక్కాయి. పెన్నీని చివరికి కొన్నది ఇద్దరు మాల్ యజమానులే, సైమన్, బ్రూక్‌ఫీల్డ్. అద్దెకున్న దుకాణం పడిపోకుండా ఇంటి యజమానే దాన్ని కొనుక్కోవడం లాంటిది ఇది. అలాగని మాల్స్ అన్నీ పోలేదు. సంపన్న శివార్లలోని పెద్ద మాల్స్ నేటికీ కిటకిటలాడుతున్నాయి. పోయినవి ఎక్కువగా మధ్యతరగతి మీద ఆధారపడ్డ నడిమి రకం.

ఖాళీ మాల్‌ను మార్చడం అనుకున్నంత తేలిక కాదు. ఒకే కప్పు కింద నలుగురైదుగురు యజమానులు ఉంటారు. పార్కింగ్ మైదానంలో ఏం కట్టాలన్నా ప్రతి యాంకర్ ఒప్పుకోవాలని పాత ఒప్పందాల్లో ఉంటుంది. మూతపడిన దుకాణానికి కూడా ఆ వీటో మిగిలే ఉంటుంది. అందుకే బాగుపడిన చోట్లలో చాలావాటి వెనక స్థానిక ప్రభుత్వమో, కాలేజీయో, ఆసుపత్రో కనిపిస్తుంది. కొలరాడోలో డెన్వర్ పక్కనున్న లేక్‌వుడ్‌కు అప్పట్లో సరైన ఊరి నడిబొడ్డే ఉండేది కాదు. 104 ఎకరాల విల్లా ఇటాలియా మాల్ 2001లో మూతపడ్డాక దాదాపు అంతా కూల్చి, ఆ నేలను వీధులుగా కోసి, కింద కొట్లు, పైన ఇళ్లు కట్టారు. బెల్మార్ అనే ఆ పేట 2004లో మొదలైంది. నాష్‌విల్‌లో వన్ హండ్రెడ్ ఓక్స్ మాల్ పై అంతస్తు 2009 నుంచి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు వైద్యశాల. రోగి చేతికి పేజర్ ఇచ్చేవారు, వంతు వచ్చేదాకా కింద కొట్లలో తిరిగి రాగలిగేవారు. ఆసుపత్రులకు ఎప్పుడూ ఉండే పార్కింగ్ కరువు అక్కడ లేదు. ఆస్టిన్‌లో 1971 నాటి హైలాండ్ మాల్‌ను కమ్యూనిటీ కాలేజీ కొని, పెన్నీ స్టోర్ ఉన్న హాల్లో 600కు పైగా కంప్యూటర్లతో 2014లో తరగతులు పెట్టింది.

కూల్చకుండా, వ్యాపారంగానే నిలబెట్టిన ఉదాహరణలూ ఉన్నాయి. ఫోర్ట్ వర్త్‌లో 1962 నాటి సెమినరీ సౌత్ చుట్టూ కాలక్రమంలో మెక్సికో మూలాలవాళ్లు స్థిరపడ్డారు. మాల్ మాత్రం వాళ్లను చూడకుండా వెళ్లిపోయిన పాత గిరాకీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. 2000ల మధ్యలో దాన్ని లా గ్రాన్ ప్లాజాగా మార్చారు. పాత డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో చిన్న చిన్న బడ్డీలతో సంత, ఆదివారాలు మెక్సికో వాళ్ల మరియాచీ పాటలు, కుటుంబాలు కుటుంబాలుగా జనం. మరోవైపు రోలింగ్ ఏకర్స్ స్థలంలో 2020లో అమెజాన్ గోదాము తెరిచింది. క్లీవ్‌లాండ్ పక్కన, తెరిచిన 1976లో ప్రపంచంలోనే పెద్దదని చెప్పుకున్న రాండల్ పార్క్ మాల్ స్థలంలోనూ అమెజాన్ గోదామే వచ్చింది. రహదారి పక్కన, నగరానికి దగ్గరలో చదునైన పెద్ద స్థలం మాల్‌కు ఎంత అవసరమో గోదాముకూ అంతే. దాన్ని పునరుద్ధరణ అనాలా అంటే, ఉద్యోగాల లెక్కలో అవును. జనం కలిసే చోటు లెక్కలో కాదు.

గ్రూయెన్ 1968లో వియన్నాకు తిరిగి వెళ్లిపోయారు. 1976లో ఆ నగరం దక్షిణాన కూడా ఒక భారీ మాల్ తెరుచుకుంది. తన ఆలోచనను భూవ్యాపారులు సగానికి కోసి వాడుకున్నారని, ఆ సంతానంతో తనకు సంబంధం లేదని 1978లో లండన్ ప్రసంగంలో చెప్పి, 1980లో కన్నుమూశారు. ఆయన కట్టిన నార్త్‌లాండ్ 2015లో మూతపడింది. అందులో పిల్లలు ఎక్కి ఆడుకున్న బాలుడు, ఎలుగుబంటి శిల్పాన్ని సౌత్‌ఫీల్డ్ వాసులు కొనుక్కుని తమ ప్రజా గ్రంథాలయంలో పెట్టుకున్నారు. సౌత్‌డేల్ మాత్రం నడుస్తూనే ఉంది. పార్కింగ్ మైదానంలో కొంత మేర ఇప్పుడు రెండు వందలకు పైగా అపార్ట్‌మెంట్లున్నాయి. పెన్నీ స్టోర్ ఉన్నచోట 2019లో మూడంతస్తుల వ్యాయామశాల, దానితోపాటు అద్దె ఆఫీసు గదులు వచ్చాయి. 1956 నాటి పటంలో ఉన్న ఇళ్లలో కొన్ని దాదాపు 60 ఏళ్ల తర్వాత, కార్లు నిలిపిన తారు మీద లేచాయి. బెర్టోయా బంగారు చెట్లు చావడిలో ఉన్నచోటే ఉన్నాయి.