వోచరు లేని దీవి

ఒకసారి కిష్టారంలో మా మేనల్లుడి ఇంటికి వెళ్ళినప్పుడు వాడి కొడుకు అట్లాసులో ఆఫ్రికా కింద, సముద్రం మధ్యలో ఒక చుక్క చూపించి "ఇక్కడ ఎవరుంటారు తాతా?" అని అడిగాడు. ఎవరూ ఉండరు, అంతా మంచే అన్నాను. "మరి ఉందని ఎవరు చెప్పారు?" అన్నాడు. నలభై ఏళ్ళు రక్షణ శాఖ లెక్కలు చూసినవాణ్ణి, అభ్యంతరం సబబైనదే అనిపించింది.

అది బూవే దీవి. సుమారు 49 చదరపు కిలోమీటర్లు, అందులో 93 శాతం మంచు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ నావికుడు బూవే 1739 జనవరి 1న పొగమంచులో దాన్ని చూశాడు. దిగలేకపోయాడు. దక్షిణ ఖండం కొస అనుకుని, ఆరోజు క్రైస్తవుల సున్నతి పండుగ కనుక ఆ పేరే పెట్టాడు. (1748లో ఫ్రెంచివారి చేతిలో ఉన్న మద్రాసుకు సొమ్ము, సైనికులు చేర్చింది ఈయనే.) రేఖాంశం మాత్రం బాగా తూర్పుకు జరిపి రాశాడు.

కెప్టెన్ కుక్ రెండుసార్లు వెతికి, దొరక్క, బూవే మంచుగడ్డను చూసి నేల అనుకున్నాడని తేల్చేశాడు. మనవంటివాడే! కానీ పొరబడ్డాడు. 1808లో తిమింగలాల వేటగాళ్ళు ఆ దీవిని మళ్ళీ చూశారు.

అసలు తమాషా తరువాత ఉంది. 1825లో నోరిస్ అనే కెప్టెన్ బూవే దీవికి ఈశాన్యంగా ఇంకో దీవి ఉందని రాసి, థాంప్సన్ అని పేరు పెట్టాడు. 1893లో ఫుల్లర్ అనే మరొకాయన కూడా చూశానన్నాడు. ఇద్దరు సాక్షులు! 1898లో జర్మన్ల వాల్డివియా ఓడ బూవే దీవి స్థానాన్ని కచ్చితంగా తేల్చింది. థాంప్సన్ కోసమూ వెతికింది, కనిపించలేదు. 1927లో బూవేపై దిగి జెండా పాతిన నార్వేవారికీ దొరకలేదు. అయినా పటాల్లోంచి చెరపడానికి చాలాకాలం ఎవరికీ చేయి రాలేదు. అగ్నిపర్వతం పేలి మునిగిపోయిందేమో అన్నవారూ ఉన్నారు. కానీ అక్కడ సముద్రం చాలా లోతు, మునిగిన కొండ ఆనవాలే లేదు.

నేను పనిచేసిన ఒక స్టోరులో ఒక జనరేటరు ఏళ్ళ తరబడి లెడ్జరులో ఉండేది, నేలమీద ఉండేది కాదు. ప్రతి ఏడూ పాత నిల్వను కొత్త పేజీలోకి ఎక్కించి సంతకాలు చేసేవాళ్ళం. వాటిలో నావి మూడున్నాయి.