వెలనాటి వ్యవహారమున భూతకాలక్రియలు: అక్షరలోపము, ఊనిక

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములు ప్రాచీనమైన వెలనాటిలోనివి. 12వ శతాబ్దిలో చందవోలు రాజధానిగా వెలనాటి చోడులేలిన సీమ యిది. 2022లో జరిగిన జిల్లాల విభజనము వలన బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలో చేరినవి; తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. పలుకుబడికి మాత్రము ఈ పొలిమేర లేదు.

ఈ సీమవారు సాధారణముగా "చెప్పాడు" అందురు. దీనిని గ్రామ్యమని త్రోసివేసిన పండితులనేకులు దీని పుట్టుకను విచారింపలేదు. "చెప్పిన", "వాఁడు" అను రెండు పదముల కలయిక యిది. "చెప్పినవాఁడు" అన్నచో ఐదక్షరములు. వకారము జాఱఁగా "చెప్పినాఁడు", నాలుగు. రాయలసీమ ఇచ్చట ఆగినది. కోస్తాలో "చెప్పాడు", మూడే. శాసనములలో కానవచ్చు "ఇచ్చె", "ఇచ్చిరి" వంటి రూపములు ఈ వ్యవహారమున నిలువలేదు. కావున నేటి "ఇచ్చారు" అనునది "ఇచ్చిరి"కి సంతతి కాదు, "ఇచ్చినవారు"కు సంతతి.

స్త్రీవాచకమున మార్గము వేఱు. "చెప్పినది" అనునది "చెప్పింది" అయినది. ఇచ్చట ఇకారము నిలిచి, నకారముమీఁది అకారము పోయినది. "చెప్పినాఁడు"లో ఆ స్థానమున దీర్ఘముండుటచే అది పోలేదు. హ్రస్వమైన ఇకారమే దానిలో లీనమైనది. లీనమయ్యెనే గాని నశింపలేదు. "చెప్పాడు"లోని ధ్వని "పాడు"లోని శుద్ధమైన ఆకారము కాదు. తెనాలివారు "గంగానమ్మపేట" అనునపుడు "పే"లో వినవచ్చు ధ్వనికి అది సమీపము. మన లిపిలో దానికి ప్రత్యేకమైన గుర్తు లేదు. వ్రాఁత దాఁచిన చరిత్రను చెవి చెప్పుచున్నది.

మఱి ఊనిక మాటేమి? స్పానిష్ భాషలో "ఆబ్లో" అను క్రియను మొదటి యక్షరమున ఊఁది పలికిన "నేను మాటాడుదును" అనియు, తుది యక్షరమున ఊఁది పలికిన "అతఁడు మాటాడెను" అనియు అర్థము. తెలుఁగున ఊనిక అర్థభేదకము కాదు. "పడు", "పాడు" అను ధాతువులను వేఱుచేయునది మాత్ర. పై లోపములకు ఆద్యక్షరముపై నుండు ఊనికయే కారణమందురేమో! ఊనిక ఒక్కచోటనే యుండఁగా, ఒకచో రెండవ యక్షరముమీఁది అచ్చు, మఱియొకచో మూడవ దానిమీఁది అచ్చు ఏల మాఱవలె? మాత్రాపరిమాణమే ప్రధానమని నా తలంపు.

ధాతువులును ఈ పక్షమునకే సాక్ష్యమిచ్చుచున్నవి. "తినిన", "వినిన", "పడిన", "చెడిన" అనునవి "తిన్న", "విన్న", "పడ్డ", "చెడ్డ" అయినవి. "మానిన", "పూనిన", "పాడిన", "ఆడిన" అట్లు కాలేదు. లఘువు మొదట నున్న ధాతువు నడిమి యచ్చును విడిచి ఆద్యక్షరమును గురువు చేసికొన్నది; మొదటనే గురువున్న దానికి ఆ యక్కఱ లేదు.

1858 నాఁటి బాలవ్యాకరణము కావ్యభాషకు లక్షణము. వాడుకరూపముల విచారణ దాని పని కాదు. గిడుగు రామమూర్తిగారు వానికి గౌరవము కల్పించిరి. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు ప్రకటించిన గ్రంథము తెలుఁగు ధాతువులను సోదరభాషలతో పోల్చి చూపినది. ఇఁక రేపల్లె, బాపట్ల గ్రామములలో పలుకుబడి సేకరించు విద్యార్థులు "చెప్పాడు" అని అక్షరములలో వ్రాసికొని తృప్తిపడరాదు. ఆ ధ్వనికి వేఱొక గుర్తు నియమించుకొనవలెను. ఉత్తర తెలంగాణమువారి "చెప్పిండు"ను దాని ప్రక్కన ఉంచి చూడవలెను. అచ్చట పుంలింగమునందును ఇకారము "చెప్పింది"లో వలెనే నిలిచియున్నది.