టెలోమరేజ్ ఆవిష్కరణ: కణ అమరత్వభావన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
జీవకణానికి సహజమైన ఆయుఃపరిమితి ఉన్నదా అన్న ప్రశ్న ఇరవయ్యవ శతాబ్దపు జీవశాస్త్రంలో ప్రధానమైనది. టెలోమరేజ్ అనే ఎంజైమ్ ఆవిష్కరణతో ఆ ప్రశ్నకు లభించిన సమాధానాన్ని, వ్యాధుల అవగాహనలో దాని ప్రాధాన్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టెలోమియర్, టెలోమరేజ్, హేఫ్లిక్ పరిమితి, కణవిభజన, క్యాన్సర్.

1. ఉపోద్ఘాతం:
1912లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో అలెక్సిస్ కారెల్ కోడిపిండం గుండె కణజాలాన్ని గాజుపాత్రలో పెంచడం ప్రారంభించారు. ఆ ప్రయోగం ఆయన మరణానంతరం కూడా కొనసాగి, 1946లో ముగిసింది. కోడి ఆయుర్దాయాన్ని మించి బతికిన ఆ కణజాలం ఆధారంగా, వృద్ధాప్యం దేహానికే గాని కణానికి లేదన్న అభిప్రాయం స్థిరపడింది. రక్తనాళాలను కుట్టే పద్ధతికి 1912లోనే నోబెల్ పురస్కారం పొందిన కారెల్ ప్రతిష్ఠ దీనికి ప్రామాణ్యం కల్పించింది.

2. హేఫ్లిక్ పరిమితి:
ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో లియోనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మానవ పిండకణాలను పెంచుతూ, అవి దాదాపు 50 సార్లు విభజన చెంది ఆగిపోతున్నాయని గుర్తించారు. ఈ ఫలితాన్ని తెలిపే వ్యాసాన్ని రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన పత్రిక తిరస్కరించింది. 1961లో అది మరొక పత్రికలో వెలువడింది. కారెల్ కణజాలానికి పోసిన పిండరసంతోపాటు కొత్త కణాలు కూడా చేరి ఉంటాయని హేఫ్లిక్ తరవాత వివరించారు. అయితే కణం తన విభజనలను ఎలా లెక్కిస్తున్నదన్న ప్రశ్న మిగిలిపోయింది.

3. క్రోమోజోమ్ కొసల సమస్య:
ఈ ప్రశ్నకు సమాధానం క్రోమోజోమ్ కొసలలో ఉంది. ఈగలపై పరిశోధించిన హెర్మన్ ముల్లర్ 1938లో ఈ కొసలకు టెలోమియర్ అని పేరు పెట్టారు. గ్రీకులో ‘టెలోస్’ అంటే కొస, ‘మెరోస్’ అంటే భాగం. విరిగిన క్రోమోజోమ్ కొసలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయని, సహజమైన కొసలు అలా అతుక్కోవని బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో చూపారు.

1966లో మాస్కోలో హేఫ్లిక్ పరిశోధనపై ఉపన్యాసం విన్న అలెక్సీ ఒలోవ్నికోవ్‌కు మెట్రో స్టేషన్‌లో ఒక పోలిక తోచింది. రైలు తాను నిలిచి ఉన్న పట్టాల భాగాన్ని నకలు చేయలేనట్లే, డిఎన్ఏను నకలు చేసే ఎంజైమ్ కూడా కొసభాగాన్ని వదిలివేస్తుందని ఆయన ఊహించారు. అంటే ప్రతి విభజనలోనూ కొస కొంత తరుగుతుంది. ఈ భావనను ఆయన 1971లో ప్రచురించారు. 1972లో జేమ్స్ వాట్సన్ కూడా కొసల నకలులోని ఈ చిక్కును వేరుగా చర్చించారు.

4. టెలోమరేజ్ ఆవిష్కరణ:
సమస్యకు పరిష్కారం చెరువునీటిలో జీవించే టెట్రాహైమెనా అనే ఏకకణజీవిలో దొరికింది. చిన్న క్రోమోజోమ్‌లు వేలకొద్దీ ఉండడంవల్ల దానిలో కొసలు కూడా సమృద్ధిగా ఉంటాయి. ఆ కొసలలో ఆరు అక్షరాల డిఎన్ఏ వరుస పదేపదే పునరావృతమవుతుందని 1978లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ వెల్లడించారు. 1982లో బ్లాక్‌బర్న్, జాక్ షోస్టక్ ఆ కొసలను ఈస్ట్ కణంలోని డిఎన్ఏకు జోడించగా, అవి అక్కడ కూడా రక్షణ కల్పించాయి. 1984 డిసెంబరు 25న బర్క్‌లీలో బ్లాక్‌బర్న్ విద్యార్థిని కరోల్ గ్రైడర్ కొసలను పొడిగించే ఎంజైమ్ ఆనవాలును చూశారు. ఆ ఎంజైమే టెలోమరేజ్. తనలోని ఆర్ఎన్ఏ భాగాన్ని అచ్చుగా వాడుకుని అది తరిగిన కొసను పూరిస్తుంది. ఈ ఆవిష్కరణకు 2009లో బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టక్ నోబెల్ పొందారు. ఒలోవ్నికోవ్‌కు అందులో భాగం దక్కలేదు.

5. వ్యాధులతో సంబంధం:
మానవకణాలలో టెలోమరేజ్‌ను 1989లో గ్రెగ్ మోరిన్ తొలిసారి హేలా కణాలలో గుర్తించారు. ఇవి 1951లో హెన్రియెట్టా లాక్స్ గర్భాశయముఖ క్యాన్సర్ నుంచి, ఆమె అనుమతి లేకుండా సేకరించినవి. కారెల్ ఆరోగ్యకరమైన కణంలో వెతికిన అమరత్వం నిజానికి క్యాన్సర్ కణంలో కనిపించింది. 1994లో పరిశీలించిన 101 కణితి నమూనాలలో 90 టెలోమరేజ్ క్రియను కనబరిచాయి. 50 సాధారణ దేహకణజాల నమూనాలలో ఒక్కదానిలో కూడా అది కనిపించలేదు. మరోవైపు, ఈ ఎంజైమ్ లోపిస్తే డిస్కెరటోసిస్ కంజెనిటా వంటి వంశపారంపర్య వ్యాధులలో గోళ్లు, చర్మం చెడి, ఎముకమజ్జ క్షీణిస్తుంది. టెలోమరేజ్‌ను నిరోధించే ఇమెటెల్‌స్టాట్ అనే ఔషధానికి 2024లో అమెరికాలో ఒక రకం ఎముకమజ్జ వ్యాధి చికిత్సకు అనుమతి లభించింది.

6. ముగింపు:
టెలోమరేజ్ చరిత్ర రెండు అంశాలను స్పష్టం చేస్తుంది. ఒకటి: ప్రయోగంలోని లోపం శాస్త్రవేత్త ప్రతిష్ఠ చాటున దాదాపు అర్ధశతాబ్దం నిలిచింది. రెండు: కణవిభజనకు హద్దు ఉండడం కేవలం దేహబలహీనత కాదు, అది క్యాన్సర్ నుంచి రక్షణ కూడా. కనుక టెలోమరేజ్‌ను యౌవనాన్నిచ్చే రసాయనంగా ప్రచారం చేయడం ఈ చరిత్రను విస్మరించడమే. ఏ కణంలో, ఎప్పుడు, ఎంత మేరకు పనిచేస్తున్నదన్న దానిపైనే అది మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఆధారపడి ఉంటుంది.