తంగేడు పరాగ సంపర్కం

గోదావరిఖని, రామగుండం బొగ్గు గనుల ప్రాంతంలో బీడు భూముల్లో, రోడ్ల పక్కన పెరిగే పొద తంగేడు. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులాటా. పసుపు రంగుతో కీటకాలను పిలిచే ఈ పువ్వులో తేనె ఉండదు, దొరికేది పుప్పొడే. అదీ తేలిగ్గా రాదు. పుప్పొడి తిత్తులకు కొసన సన్నని రంధ్రాలే ఉంటాయి. నల్లని పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తే, జల్లెడలోంచి పిండిలా పొడి రాలుతుంది. తేనెటీగలకు ఈ విద్య రాదు. నడిమి పొట్టి కేసరాల పొడి తుమ్మెద తిండికి. పొడవాటి కేసరాల పొడి దాని ఒంటికి అంటి మరో పువ్వు కీలాగ్రాన్ని చేరుతుంది. పొదుపైన బేరమే!

పరాగ సంపర్కంలో మోదుగ చెట్టు దారి వేరు. ఫాల్గుణంలో ఆకులు రాల్చి, వాసన లేని ఎర్రటి పూలలోని తేనెతో పిట్టలను రప్పిస్తుంది.

బతుకమ్మలో పేర్చే తంగేడును తెలంగాణ 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.