నానాజాన్ రాసిచ్చిన రెండు కాగితాలు

రామతీర్థంలో మా ఖాలాజాన్ ఇంట్లో ఒక పాత రేకు పెట్టె ఉంది. మొన్న ఆమె కొడుకు నెల్లిమర్లలో ఇల్లు కొనడానికి బ్యాంకు లోను కాగితాలు తెచ్చి, "భాయ్, నువ్వు అఖ్బార్‌వాలావి కదా, ఇదేంటో చదివి చెప్పు" అన్నాడు. నేను చదువుతుంటే ఖాలాజాన్ ఆ పెట్టె తెరిచి నానాజాన్ కాగితాలు కూడా నా ముందు పెట్టింది. "అబ్బా రెహన్ పెట్టిన భూమిని ఆ షావుకారు తినేశాడు బేటా" అంది. చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటున్న మాటే.

కాగితాలు రెండు, 1956 నాటివి. ఒకటి విక్రయ దస్తావేజు. రెండోది అదే రోజు రాసుకున్న కరారునామా: అయిదేళ్లలోగా సొమ్ము తిరిగిస్తే షావుకారు భూమిని మళ్లీ నానాజాన్‌కే అమ్మాలి. నానాజాన్ ఆరో ఏట సొమ్ము పట్టుకుని వెళ్లాడు. వాయిదా దాటిపోయింది సాహెబ్ అన్నాడట.

రెండుసార్లు చదివాను. రెహన్ అనే మాట ఎక్కడా లేదు.

ఇలాంటి లావాదేవీకి మన ఫిఖ్‌లో పాత పేరుంది: బై బిల్ వఫా. బుఖారా, బల్ఖ్ వైపు హనఫీ ఫుఖహాలు దీని మీద చాలా బహస్ చేశారు. పైకి అమ్మకం, లోపల అప్పు. సొమ్ము తిరిగొస్తే ఆస్తి తిరిగిస్తానన్న మాట నిలబెట్టుకోవడమే వఫా. వఫా లేనివాడి చేతిలో అది ఏమవుతుందో కంపెనీ సర్కారు కూడా చూసింది. బెంగాల్‌లో 1806 రెగ్యులేషన్ రుణగ్రస్తుడికి నోటీసు అందాక ఏడాది మోహలత్ ఇచ్చింది. మన వైపు, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో, అలాంటిది లేదు. 1870లో పట్టాభిరామయ్యర్ కేసులో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ గడువు దాటితే అమ్మకం ఖాయమే అంది. 1882 ఆస్తి బదిలీ చట్టం వచ్చాకే 58వ సెక్షన్ తనఖాల రకాలు చెప్పి, 60వ సెక్షన్ విమోచన హక్కు ఇచ్చింది. ఉర్దూలో ఫక్కె రెహన్. బాకీ తీర్చి ఆస్తి విడిపించుకునే హక్కు అన్నమాట. తనఖా అని తేలితే, వాయిదా దాటినంత మాత్రాన ఆ హక్కు పోదు.

కానీ 1929లో ఒక సవరణ వచ్చింది. షరతు అమ్మకపు దస్తావేజులోనే రాసి ఉండాలి, వేరే కాగితంలో ఉంటే దాన్ని తనఖాగా చూడరు. నానాజాన్ షరతు రెండో కాగితంలో ఉంది. మొదటి దాంట్లోనే ఉండి ఉంటే ఇది రెహనే అని కోర్టులో వాదించే దారి మిగిలేది. ఖాలాజాన్‌కి ఇది చెప్పడానికి నాకు చాయ్ చల్లారేంత సేపు పట్టింది.

మాటల సంగతి ఇంకొకటి. మనింట్లో తన్‌ఖా అంటే జీతం. తెలుగులో తనఖా అంటే తాకట్టు. మాట ఒకటే! ఫలానా ఊరి శిస్తు నుంచి నీ సొమ్ము రాబట్టుకో అని రాసిచ్చే చిట్టీ పేరు అది. శ్రీకాకుళంలో 1641 నాటి జామియా మసీదు కట్టించిన గోల్కొండ ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కాలం నుంచీ ఈ తీరంలో దఫ్తరు మాటలు మనవే: జప్తు, జామీను, కిస్తు, వసూలు. మన మాటలతో రాసిన కాగితానికే మనం భయపడుతుంటాం.

ఇక తమ్ముడి కాగితాలు. బ్యాంకు ఇల్లు కొనడం లేదు, అసలు దస్తావేజులు తన దగ్గర పెట్టుకుంటోంది. ఇది దస్తావేజుల డిపాజిట్ తనఖా. దీని మెమోరాండమ్‌నే ఎం.ఓ.డి. అంటారు. అందులో లింకు డాక్యుమెంట్లన్నీ ఒక్కొక్కటిగా రాశారో లేదో చూడమన్నాను. లోను తీరాక 30 రోజుల్లో అవన్నీ తిరిగివ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు ₹5,000 పరిహారం. 2023లో రిజర్వు బ్యాంకు చెప్పిన మాట, ఆ డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

వాడు తడబడింది 'ఫోర్‌క్లోజర్' దగ్గర. బ్యాంకు కౌంటర్లో దాని అర్థం లోను ముందే తీర్చేయడం. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోనులో వ్యక్తుల నుంచి దానికి రుసుము తీసుకోకూడదని 2012లోనే నిషేధం వచ్చింది. చట్టంలో మాత్రం అదే మాటకు విమోచన హక్కును తెంచేయడం అని అర్థం. అప్పు తీర్చేవాడికీ ఇల్లు పోగొట్టుకునేవాడికీ ఒకటే లఫ్జ్!

కిస్తులు 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండి బాకీ అవుతుంది. తర్వాత 2002 సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. అప్పుడు కూడా మొత్తం బాకీ, ఖర్చులు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. అయితే 2016 సవరణ తర్వాత వేలం నోటీసు ప్రచురించే రోజుకు ముందే కట్టాలి. వేలం రోజు దాకా టైముందనుకుని కూర్చుంటే నానాజాన్ ఆరో ఏట వెళ్లినట్టే.

సూద్ సంగతి నన్నడగొద్దు, అది ఆలిమ్ సాబ్‌తో మాట్లాడుకోమన్నాను. వాడు పెన్సిల్‌తో 'వేలం నోటీసు' కింద గీత గీసుకున్నాడు. ఖాలాజాన్ నానాజాన్ కాగితాలు మళ్లీ మడిచి, "అయితే ఆయన మోసపోలేదా?" అంది. మోసపోయాడు ఖాలా, కానీ కాగితం ప్రకారం కాదు అన్నాను. ఆమె పెట్టె మూసేసింది.