కుక్క, పిల్లి పదిలమైతే.. ఇల్లూ క్షేమం
టీకాలు, నట్టల మందు, పరిశుభ్రతే రక్ష

పినపాక: చేనుకు కుక్క కాపలా, ధాన్యానికి పిల్లి కాపలా. గోదావరి ఒడ్డు పల్లెల నుంచి అడవి అంచు కోయ గూడేల వరకు ఈ రెండు ప్రాణులు లేని ఇల్లు అరుదు. పాడిగేదెకు జబ్బు చేస్తే వెంటనే పశువైద్యుని వద్దకు పరుగెత్తే రైతు, కుక్క రెండు రోజులు ముద్ద ముట్టకపోయినా పట్టించుకోడు. ఆ నిర్లక్ష్యం ఒక్కోసారి ఇంటిల్లిపాదికీ ముప్పు తెస్తుంది. ఖమ్మం జిల్లాలో ఉన్న పినపాక మండలం 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. జిల్లా మారినా మారుమూల గూడేలకు వైద్యం నేటికీ దూరభారమే. అందుకే చికిత్స కన్నా నివారణే ఇక్కడివారికి మేలు.

రేబిస్.. లక్షణాలు వస్తే మరణమే

అన్నింటిలో ప్రమాదకరమైనది రేబిస్. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషులకు సోకే కేసుల్లో దాదాపు 99 శాతం కుక్కల వల్లనే. పిల్లి కాటుతోనూ సోకుతుంది. కుక్క ప్రవర్తన అకస్మాత్తుగా మారడం, చొంగ కారడం, దవడ వేలాడటం, మింగలేకపోవడం దీని లక్షణాలు. కొన్ని కుక్కలు కరవకుండా చీకటి మూలల్లో నక్కి ఉంటాయి. అటువంటి దాని నోట్లో ఎముక ఇరుక్కుందని భ్రమపడి చేయి పెట్టరాదు.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో, పిదప ఏటా టీకా వేయించాలి. ఊరిలోని కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే వ్యాధి వ్యాప్తి ఆగుతుందని నిపుణులు చెబుతున్నారు. 1885 జులై 6న లూయీ పాశ్చర్ మనిషికి తొలిసారి ఈ టీకా వేయించారు. ఆయన కన్నుమూసిన సెప్టెంబరు 28ని ఏటా ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు.

కరిస్తే ఏం చేయాలి?

గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాల పాటు కడగాలి. సున్నం, కారం, పసరు పూయరాదు. కట్టు కట్టరాదు. తాయెత్తులు, మంత్రాలతో కాలయాపన చేయరాదు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. అక్కడ టీకా ఉచితం. మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కించి 3, 7, 28వ రోజుల్లో చర్మం పొరలో వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజు సూది అదనం. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ సైతం అవసరం. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. అయితే అది బతికుందో లేదో చూసి సూది వేయించుకుందామని ఆగరాదు.

పిల్లలను కబళించే పార్వో

రెండు మూడు నెలల కుక్కపిల్లలను పార్వో వైరస్ రెండు మూడు రోజుల్లోనే బలిగొంటుంది. వాంతులు, దుర్వాసనతో కూడిన రక్త విరేచనాలు దీని గుర్తులు. ఇది మనుషులకు సోకదు. వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది కనుక, ఒక పిల్ల చనిపోయిన చోటికి వెంటనే మరో పిల్లను తేకూడదు. ఆ స్థలాన్ని బ్లీచింగ్ ద్రావణంతో కడగాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో తొలి టీకా, తర్వాత పదహారు వారాలు నిండే వరకు మూడు నాలుగు వారాలకొకటి వేయించాలి.

ఇదే టీకాతో డిస్టెంపర్‌నూ నివారించవచ్చు. కళ్లు, ముక్కు నుంచి చీము కారడం, తర్వాత మూర్ఛ ఆ వ్యాధి లక్షణాలు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో సింహాల మరణాలకు ఈ వైరస్ ఒక కారణంగా తేలింది. అడవికి తిరిగే కుక్కలున్న ఈ ప్రాంతంలో టీకా వన్యప్రాణులకూ రక్షణే.

గోమార్లు, గజ్జి, నట్టలు

వానాకాలంలో గోమార్లు విజృంభిస్తాయి. అవి కుట్టిన కుక్కలకు జ్వరం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కు నుంచి రక్తం కారడం కనిపిస్తే తక్షణం వైద్యుడిని సంప్రదించాలి. గోమారును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని లాగాలి. వేళ్లతో నలపరాదు. మిర్చి, పత్తికి కొట్టే పురుగుమందులు ఒంటికి పూస్తే ప్రాణమే పోతుంది. గజ్జికి కాలిన ఇంజన్ ఆయిల్ పూయడమూ విషమే.

పుట్టిన రెండు వారాల నుంచే నట్టల మందు తాగించాలి. మూడు నెలల వరకు రెండు వారాలకోసారి, ఆరు నెలల వరకు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి ఇవ్వాలి. పిల్లలు ఆడుకునే ఇసుకలో మలం ఉంచరాదు. దాని ద్వారా నట్టల గుడ్లు మనుషులకు చేరతాయి.

పిల్లికి పారాసిటమాల్ విషం

మనుషుల మాత్రలు మూగజీవాలకు వేయరాదు. ఒక్క పారాసిటమాల్ మాత్రతోనే పిల్లి చనిపోవచ్చు. కుక్కలకు వాడే గోమార్ల మందులు కొన్ని పిల్లికి ప్రాణాంతకం. మగపిల్లి మూత్రం కోసం పదేపదే ముక్కుతూ చుక్క రాకపోతే గంటల వ్యవధిలో వైద్యం అందాలి. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు సరిపడవు. మంచినీళ్లు, మాంసాహారం మేలు.

కుక్కలకు ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ పెట్టరాదు. ఉడికించిన కోడి ఎముకలు పేగులను చీలుస్తాయి. కారం కూరల మిగులు కన్నా అన్నంలో ఉడికించిన గుడ్డు, మాంసం కలిపి పెట్టడం మంచిది.

ఎండాకాలం జాగ్రత్త

ఏప్రిల్, మే నెలల్లో కుక్కను నీడలో కట్టి రోజంతా నీళ్లు ఉంచాలి. విపరీతంగా రొప్పుతూ తూలితే నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీళ్లు పోసి గాలి తగిలేలా చేయాలి. పిదప వైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. సాధారణ ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. ఈ లెక్క తెలియక చాలామంది ఉన్న వేడినే జ్వరమనుకుంటారు.

రోజంతా మేత ముట్టకపోవడం, ఆగని వాంతులు, రక్త విరేచనాలు, మూర్ఛ, ఊపిరాడకపోవడం కనిపిస్తే జాప్యం చేయరాదు. సమీప పశువైద్యశాలను సంప్రదించాలి. రాష్ట్రంలో 2017లో ప్రారంభమైన సంచార పశువైద్య సేవలకు 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. టీకా వేయించిన తేదీలను కాగితంపై రాసి ఇంట్లో భద్రపరిస్తే తదుపరి టీకా సమయం దాటిపోదు.